మా పాత ఇంటి ఆవిరి రేడియేటర్లు

న్యూజెర్సీలో మేము కొన్న ఇల్లు 1920ల నాటిది. కొన్న ఏడాది అక్టోబరులో, ఇంకా తెల్లవారకముందే, పడకగది గోడలో ఎవరో ఇనుప గొట్టాన్ని సమ్మెటతో బాదుతున్నట్లు మోతలు మొదలై ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నాము. ఆ ఇంట్లో వేడిగాలి పంపే డక్టులు లేవు. బేస్‌మెంట్‌లో గ్యాసుతో నడిచే బాయిలర్, గదికొకటి చొప్పున పోత ఇనుప రేడియేటర్లు, వాటిని కలుపుతూ లావాటి గొట్టాలు ఉన్నాయి. మొదట బొగ్గుతో నడిచిన ఏర్పాటు కావడం వల్ల, బొగ్గు జారవిడిచే చిన్న ఇనుప తలుపు గోడకు ఇప్పటికీ అలాగే ఉంది.

ఇలాంటి పాత ఇళ్లలో కొన్నింట వేడినీరు తిరుగుతుంది, కొన్నింట ఆవిరి తిరుగుతుంది. ఈ తేడా తెలియక నేను మొదటి నెల రోజులు వేడినీటి రేడియేటర్లకు చెప్పే చిట్కాలన్నీ చదివి కాలం వృథా చేసుకున్నాను. రేడియేటర్‌కు ఒక్క గొట్టమే ఉండి, అవతలి చివర సగం ఎత్తున వెండి రంగులో, లోపలి గాలిని బయటికి వదిలే ఒక చిన్న ఎయిర్ వెంట్ కనిపిస్తే, అది ఒంటి గొట్టపు ఆవిరి పద్ధతి. మాది అదే. బాయిలర్ నుంచి ఆవిరి ఆ గొట్టంలోనే పైకి వెళుతుంది, రేడియేటర్‌లో వేడిని వదిలి నీరవుతుంది, ఆ నీరు తిరిగి అదే గొట్టంలో కిందికి జారుతుంది. ఎదురెదురుగా వచ్చే ఈ రెండింటికీ దారి సరిగ్గా ఉన్నంతకాలం ఇంట్లో చిన్న బుసబుస తప్ప మరే శబ్దమూ ఉండదు.

మోతల సంగతి చూడమని పిలిపించిన మొదటి మెకానిక్, మేడమీది గది వేడెక్కడం లేదన్న నా మాట విని, ఒత్తిడి చాలడం లేదని, ఆవిరి ఒత్తిడి ఒక మేరకు చేరగానే బాయిలర్‌ను ఆపే ప్రెషర్‌ట్రోల్‌ను పైకి తిప్పి వెళ్లారు. దానితో మోతలు రెట్టింపయ్యాయి, గ్యాసు బిల్లు కూడా పెరిగింది. ఇంట్లోని ఆవిరి పద్ధతికి చదరపు అంగుళానికి 2 పౌండ్ల ఒత్తిడి కూడా అక్కరలేదని నాకు తరువాత అర్థమైంది. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ సుమారు 15 పౌండ్ల దగ్గర విజిల్ వేస్తుంది. ఈ బాయిలర్‌ను దానితో కాక ఇడ్లీ పాత్రతో పోల్చుకోవాలి. నీరు ఆవిరైనప్పుడు సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, రేడియేటర్‌లో తిరిగి నీరైనప్పుడు అంతగానూ కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి వెనుక ఉన్న ఆవిరి తనంతట తానే పరుగెత్తుతుంది. కాబట్టి ఆవిరిని గట్టిగా నెట్టవలసిన పని లేదు, దానికి అడ్డుగా ఉన్న గాలిని బయటికి పోనిస్తే చాలు. మా ఇంట్లో ఆగినది సరిగ్గా అక్కడే. బేస్‌మెంట్‌లో ప్రధాన గొట్టం చివర ఉండవలసిన పెద్ద వెంట్ తుప్పు పట్టి పూర్తిగా మూసుకుపోయింది. గొట్టంలోని గాలి అంతా మేడమీది చిన్న వెంట్ల గుండానే పోవలసి రావడంతో, ఆవిరి అక్కడికి చేరేలోపే హాలులోని థర్మోస్టాట్ తృప్తిపడి బాయిలర్‌ను ఆపివేసేది. ఆ పెద్ద వెంట్ మార్చి, ప్రెషర్‌ట్రోల్‌ను ఒకటిన్నర పౌండ్ల దగ్గర ఆగేటట్లు దించిన తరువాత మేడమీది గది కూడా మిగిలిన వాటితో పాటే వేడెక్కింది. ప్రెషర్‌ట్రోల్ కింద చుట్ట తిరిగిన చిన్న గొట్టం ఒకటి ఉంటుంది, అందులో మడ్డి పేరుకుంటే దానికి ఒత్తిడి ఎంతో తెలియదు కనుక ఏటా దానిని కూడా శుభ్రం చేయించాలి.

మోతలకు కారణం మరొకటి. గొట్టం ఎక్కడైనా కుంగినా, రేడియేటర్ వాలు తప్పినా అక్కడ నీరు నిలుస్తుంది. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని ముద్దగా ఎత్తుకుపోయి వంపు దగ్గర ఢీకొడుతుంది. వందేళ్ల బరువుకు నేల చెక్కలు దిగి, మా రెండు రేడియేటర్లు గొట్టం కలిసే వాల్వు వైపు కాక వెంట్ వైపు వాలిపోయాయని రసమట్టం పెట్టి చూస్తే తెలిసింది. వెంట్ వైపు కాళ్ల కింద పలుచని చెక్క బిళ్లలు పెట్టిన సాయంత్రానికే వాటి మోతలు ఆగిపోయాయి. మూడో దాని తప్పు నాదే. వేడి తగ్గుతుందనే ఆశతో దాని వాల్వును సగం మూసి ఉంచాను. ఒంటి గొట్టపు పద్ధతిలో వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి; సగం మూస్తే లోపల నీరైనది బయటికి రాలేక ఆవిరితో కుస్తీ పడుతుంది. గదిలో వేడి తగ్గించుకోవాలంటే గాలిని నెమ్మదిగా వదిలే వెంట్ బిగించుకోవడమే మార్గం.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఒక చక్కెర కర్మాగారంలో చెరకు పిప్పితో మండే బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజే ఆయన బేస్‌మెంట్‌లోకి దిగి, బాయిలర్ నీటి మట్టాన్ని చూపే సైట్ గ్లాస్ అనే గాజు గొట్టంలో నీరు ఎంత ఉందో చూసి, "లాగ్ బుక్ ఏదిరా?" అని అడిగారు. ఇంటి బాయిలర్‌కు లాగ్ బుక్ ఏమిటని మేము నవ్వుకున్నా, ఆయన ఒక నోటు పుస్తకానికి దారం కట్టి గొట్టానికి వేలాడదీశారు. అప్పటి నుంచి వారానికొకసారి నీటి మట్టం, ఎంత నీరు పట్టినదీ అందులో రాస్తున్నాము. నీరు తగ్గితే మంటను ఆపే ఫ్లోట్ పరికరం నుంచి మడ్డి నీటిని బకెట్‌లోకి వదలడం కూడా ఆ రోజే. అది తేటపడే వరకు వదలాలి, అదీ బాయిలర్ నడుస్తుండగా, మంట నిజంగా ఆగుతుందో లేదో కూడా తెలిసేటట్లు.

రెండేళ్ల తరువాత బాయిలర్ వారం వారం ఎక్కువ నీరు తాగుతోందని ఆ పుస్తకమే బయటపెట్టింది. పైన ఎక్కడా తడి లేదు. చివరకు కాంక్రీటు నేల కింద పూడిపోయిన, నీరు తిరిగి వచ్చే గొట్టం తుప్పుతో చిల్లులు పడిందని తేలింది. కొత్త నీటితో పాటు ప్రాణవాయువు వస్తుంది, అది బాయిలర్‌ను లోపలి నుంచి తినివేస్తుంది. నీరు తనంతట తానే నిండే ఆటోమేటిక్ ఫీడర్ ఉన్న ఇళ్లలో ఈ సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. గొట్టాన్ని నేలపైకి మార్పించాము గాని, అప్పటికే ఆలస్యమైంది. బాయిలర్ పోత ఇనుములో సన్నని పగులు వచ్చి, ఈ శీతకాలం చివరలో అది కూడా కారడం మొదలుపెట్టింది. ఎప్పుడైనా గ్లాసులో నీరు అసలు కనిపించకపోతే బాయిలర్‌ను ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి తప్ప, వేడి ఇనుము మీదికి చన్నీరు పంపరాదని కూడా ఇక్కడే చెబుతున్నాను. పాత గొట్టాలకు చుట్టిన తెల్లని పిండికట్టు వంటి పూత ఆస్బెస్టాస్ కావచ్చు గనుక దానిని గీకవద్దు, ఆ పని లైసెన్సు ఉన్నవారిదే. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో బాయిలర్ వెలిగించనే కూడదు.

కొత్త బాయిలర్‌కు ముగ్గురిని పిలిచాము. ఇద్దరు పాతదాని మీది రేకు బిళ్ల చదివి, అదే సైజు రాసి వెళ్లారు. ఆవిరి బాయిలర్ సైజును ఇంటి వైశాల్యం బట్టి గాని, పాత బాయిలర్ బట్టి గాని నిర్ణయించకూడదు. ఇంట్లో ఉన్న రేడియేటర్లు అన్నీ కలిపి ఎంత ఆవిరిని చల్లార్చగలవో లెక్కకట్టాలి. దానికి రేడియేటర్ ఉపరితలాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని, చదరపు అడుగుకు గంటకు 240 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) చొప్పున వేస్తారు. మూడో ఆయన టేపు పట్టుకుని మేడమీదికి వచ్చి ఒక్కొక్క రేడియేటర్‌నూ కొలిచారు, మా పాత బాయిలర్ అవసరానికి మించినదని చెప్పారు. ఆయన అడిగిన సొమ్ము మిగిలిన ఇద్దరికంటే ఎక్కువే, అయినా పని ఆయనకే అప్పగించాము. చలి పూర్తిగా తగ్గాక మే నెలలో మారుస్తారు. గొట్టాలకు మరలు వేసేటప్పుడు వాడిన నూనె నీటిపైన తేలి నురగ కడుతుందట, దానిని తీసివేయడానికి ఆ తరువాత మరో రెండుసార్లు రావలసి ఉంటుందని ముందే చెప్పారు.