బావ మస్టాంగ్‌కి రెండు టర్బోలు, మా ఇద్దరికీ మూడు నెలల గొడవ

మా బావకి బరంపురంలో రొయ్యల మేత వ్యాపారం. పోయినేడు హైదరాబాద్ వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో 2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొనుక్కొచ్చాడు. ఎన్ఓసీ, ఒడిశా రోడ్ టాక్సు, ఓడీ 07 నంబరు, ఆ పురాణం ఇంకోసారి చెప్తాను. బండి ఇచ్ఛాపురం దాటి ఒడిశా గిరిసోలలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆయనకి ఒకటే బాధ: అమెరికాలో ఇదే 5 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌కి 435 హార్స్‌పవర్ ఇచ్చారు, మన దేశంలో అమ్మినదానికి 396 దగ్గరే ఆపేశారు. "మన నలభై గుర్రాలు ఎవడు తిన్నాడ్రా బామ్మర్దీ" అని వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టాడు.

పోయిన గుర్రాలు వెతుక్కుంటూ పోయి ఆయన తేలింది ట్విన్ టర్బో కిట్ల దగ్గర. టర్బో అంటే ఇంజన్ పొగ వేగానికి తిరుగుతూ ఇంజన్‌లోకి ఇంకా గాలి తోసే ఫ్యాన్ లాంటిది, ట్విన్ అంటే అలాంటివి రెండు. ఒక రాత్రి పదకొండున్నరకి రెండు స్క్రీన్‌షాట్లు పంపాడు. ఒకటి చవక, రెండోది దాదాపు దానికి రెట్టింపు. రెండింటి కిందా పెద్ద అక్షరాలతో 700 హార్స్‌పవర్ అని ఉంది. "రెండూ 700 అయినప్పుడు చవకది తీసుకుందాం కదా?" ఇంతే ప్రశ్న. నేను ఇంజన్ల పిచ్చోణ్ణని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి జవాబు చెప్పే పని నా నెత్తిన పడింది.

ఆ 700 పక్కన చిన్న చుక్క పెట్టి, కింద "93 ఆక్టేన్ మీద" అని రాశారు. ఆక్టేన్ అంటే పెట్రోల్ దానంతటదే పేలకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. బావ ఆనందం చూడాలి, మన బంకులో ఎక్స్‌పీ95 పెట్రోల్ దొరుకుతుంది కదా, 93 కంటే రెండు ఎక్కువే అంటాడు. కాదు బావా. మనం బంకు మీద రాసేది ఆర్ఓఎన్ అనే కొలత, అమెరికా వాళ్ళు రాసేది ఆ ఆర్ఓఎన్‌నీ, ఇంకా కఠినమైన పరీక్షలో వచ్చే ఎంఓఎన్‌నీ కలిపి సగం చేసిన లెక్క. వాళ్ళ 93 అంటే మన కొలతలో 97, 98 దగ్గర. మన 95 వాళ్ళ దగ్గర 90, 91 అవుతుంది. ఆ రెండు మూడు తక్కువైతే బూస్ట్‌లో, అంటే టర్బో గాలి తోసేటప్పుడు, పెట్రోల్ దానంతటదే పేలి ఇంజన్ నాక్ కొడుతుంది, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి లాగుతుంది, గుర్రాలు మళ్ళీ మాయం. ఈసీయూ లాగకపోతే పిస్టనే పోతుంది. భువనేశ్వర్ పోయి ఎక్స్‌పీ100 కొట్టించుకుందామంటే 170 కిలోమీటర్లు, ఈ బండి తాగుడికి ఇల్లు చేరేసరికి ట్యాంకులో మూడో వంతు ఖాళీ.

ఇథనాల్ ఇంకో చిక్కు. అమెరికా బంకుల్లో మామూలుగా పది శాతం కలుపుతారు, మనకి ఇరవై. ఇథనాల్ నాక్‌ని ఆపుతుంది, ఆ మేరకు మంచిదే. కానీ అంతే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి కాబట్టి, కిట్‌తో వచ్చే, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు వాళ్ళ లెక్కకి సరిపోయినంత మాత్రాన మనకి సరిపోతాయని నమ్మకం లేదు. ఈసీయూలో ఎక్కించే ట్యూన్ ఫైల్ పంపేవాడికి ముందే "మాది ఇరవై శాతం" అని చెప్పాలి.

బూస్ట్ లెక్క సులువే. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ, మనం గోపాలపూర్ పక్కనే ఉన్నాం కాబట్టి అదే. దాని మీద టర్బో ఇంకో 7 తోస్తే ఇంజన్‌లోకి సుమారు ఒకటిన్నర రెట్ల గాలి. అదీ కాయితం మీదే, ఎందుకంటే నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చాలి, చల్లార్చడానికి బయట చల్లగాలి ఉండాలి, మే నెలలో మన హైవే మీద ఆ గాలి ఎక్కడిది? ఈ ఇంజన్ కంప్రెషన్ 11:1, అంటే లోపలికొచ్చిన గాలిని ఇప్పటికే పదకొండో వంతుకి నొక్కేస్తుంది, టర్బో కోసం పుట్టింది కాదు. లోపలి పిస్టన్లు, రాడ్లు కంపెనీవే ఉంచుతాం కాబట్టి 6, 7 దాటి బూస్ట్ పెట్టనివ్వనని చెప్పేశాను. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ రెండు రోజుల్లో నేను కూర్చుని చూసింది హార్స్‌పవర్ కాదు, టర్బోలు ఎక్కడ కూర్చుంటాయి అని. అసలు తేడా అక్కడుంది. చవక కిట్‌లో రెండు టర్బోలూ కింద, గేర్‌బాక్స్‌కి అటూ ఇటూ. బానెట్ ఎత్తితే ఏమీ కనపడదు, చూసినవాడికి మామూలు బండే. ఖరీదు కిట్‌లో పైన, ఇంజన్ ముందు. టర్బోలోకి వెళ్ళిన ఆయిల్ తిరిగి ఇంజన్ అడుగునున్న తొట్టి, సంప్‌లోకి రావాలి కదా, టర్బో పైన ఉంటే దానంతటదే కారుతుంది, సంప్ కంటే కింద ఉంటే రాదు. అందుకని విడిగా ఒక స్కావెంజ్ పంపు పెట్టి లాగుతారు. ఆ పంపు ఒక్కసారి మొరాయిస్తే ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీళ్ళు దాటి, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ. ఫ్యూజు పోతే ఎవడికి తెలుస్తుంది?

పైగా మన ఊరు. మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ ఉంది, మునిసిపాలిటీ వేసిందో, ఎదురింటాయన వేయించుకున్నాడో తెలీదు, మస్టాంగ్ దాన్ని అడ్డంగా వాలి దాటాల్సిందే, అయినా కింద గీసుకుంటుంది. ఆ గీసుకునే చోటికి దగ్గర్లో టర్బో వేలాడదీయాలా? ఆగస్టులో మోకాలి లోతు నీళ్ళొస్తే ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు. ఈ కష్టాలు చూడ్డానికి తప్తపాణి కొండదారి దాకా వెళ్ళక్కర్లేదు, మా వీధి చాలు. పైన పెట్టేదానికీ కష్టాలున్నాయి, బానెట్ కింద వేడి పెరుగుతుంది, వైర్లకీ గొట్టాలకీ వేడి ఆపే చుట్టలు చుట్టాలి. కానీ ఆ కష్టం కంటికి కనపడుతుంది, చేత్తో తడిమి చూసుకోవచ్చు.

సరే ఖరీదుదే అనుకుని బావ డబ్బులు కూడా సర్దుకున్నాక, మాకు తెలిసిన మెకానిక్ భాయికి బొమ్మలు చూపించాం. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి "హెబో నాహి" అన్నాడు. కుదరదట. ఎందుకు భాయ్ అంటే, ఫోటోలో స్టీరింగ్ ఎటుందో చూడమన్నాడు.

ఎడమవైపు.

మూడు నెలలు ఆక్టేన్, ఆయిల్, ఇథనాల్ అని ఉపన్యాసాలు దంచిన నాకు ఆ ముక్క తట్టలేదు. అమెరికాలో అమ్మే కిట్ ఎడమ స్టీరింగ్ బండికి కొలిచి చేసింది. మనది కుడి. స్టీరింగ్ రాడ్ వీ8కి కుడిపక్క నుంచి కిందికి దిగుతుంది, సరిగ్గా కుడి టర్బో పైపు వెళ్ళాల్సిన దారిలో. ఎలాగో వంచి దూర్చినా, గట్టిగా తొక్కితే 800 డిగ్రీలు దాటే పొగగొట్టం పక్కన స్టీరింగ్ జాయింట్ ఎన్నాళ్ళుంటుంది? ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో కూడా ఇవే కుడి స్టీరింగ్ మస్టాంగులు తిరుగుతున్నాయి కాబట్టి దారి ఉండే ఉంటుంది. కానీ అది అమ్మేవాడు రాతపూర్వకంగా చెప్పాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతీ చెప్పాను. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా టర్బో పెట్టి ఎక్కడైనా గుద్దితే క్లెయిమ్ మీద ఆశ వదులుకోవచ్చు. బావ విని, "ముందు స్టీరింగ్ సంగతి తేల్చు" అన్నాడు.

కిట్లు అమ్మే ఇద్దరికీ మెయిల్ పెట్టాను. చవక కిట్ వాళ్ళ నుంచి జవాబు లేదు. రెండోవాళ్ళు స్టీరింగ్ రాడ్‌కీ, ఇంజన్ పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచి ఫోటోలు పంపమన్నారు. ఆదివారం వీల్ అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్ళాం, లిఫ్ట్ ర్యాంపు అంచుకి ముందు బంపర్ తగిలి బండి ఎక్కలేదు. రెండు చెక్కలు వేసి, నలుగురం పట్టుకుని ఎక్కించేసరికి పన్నెండయింది. టేపు ఆ సందులోకి దూరలేదు, నా వేళ్ళు పెట్టి చూశాను, మూడు పట్టాయి. ఆ ఫోటోలే పంపాను. బావ ఈలోగా వెనక డిక్కీ మీద అంటించడానికి "ట్విన్ టర్బో" అని స్టీలు అక్షరాలు తెప్పించేశాడు.