ఎపిడారస్‌లో నిద్ర చేసిన రోగులు

గ్రీసులోని ఎపిడారస్‌కు వెళ్లాలంటే, నాఫ్‌ప్లియో పట్టణంలో బస్సెక్కేముందు డ్రైవర్‌ని అడిగి ఎక్కండి. పాలియా ఎపిడావ్రోస్, నేయా ఎపిడావ్రోస్ అని రెండు ఊళ్లున్నాయి. మనం చూడాల్సిన ప్రాచీన గుడి ఆ రెండింటిలోనూ లేదు, లిగూరియో అనే ఊరి దగ్గర ఉంది. తిరుగు బస్సులు తక్కువ. తప్పిపోతే టాక్సీకి అడిగినంత ఇచ్చుకోవాల్సిందే.

నాకు కోపం తెప్పించింది మాత్రం బస్సు కాదు. దిగినవాళ్లంతా నేరుగా నాటకశాలకు వెళ్తారు. నడిమధ్య రాతి మీద నాణెం పడేసి, ఆ చప్పుడు 55వ వరుస దాకా వినిపించిందని మురిసి బస్సెక్కేస్తారు. అసలు ఆ నాటకశాల ఇక్కడ వెలిసిందే అస్క్లీపియస్ కోసం, ఆ వైద్యదేవుణ్ని వెతుక్కుంటూ వచ్చిన రోగుల వల్ల. వాళ్లు పడుకున్న అబాటన్ దగ్గర మనిషి అలికిడి లేదు.

అబాటన్ దాదాపు 70 మీటర్ల పొడుగు మండపం. నేల పల్లమవడంతో పడమటి భాగం రెండంతస్తులు కట్టారు. రోగి స్నానం చేసి, బలి ఇచ్చి, నైవేద్యం పెట్టి, రాత్రికి ఇక్కడ పడుకోవాలి. దేవుడు కలలోకి వచ్చి మందు పోస్తాడు, లేదా కత్తి పట్టి కోస్తాడు. మన భాషలో దీనికి సరైన మాట ఉంది: గుడిలో నిద్ర చేయడం. యాదగిరిగుట్టలో మండలం రోజులుండి, వైద్య నరసింహుడు కలలో కనిపించాడని చెప్పేవాళ్లను ఎరిగినవారికి ఈ మండపం కొత్తగా అనిపించదు.

మొక్కు కూడా అంతే కచ్చితం. క్రీ.పూ. 4వ శతాబ్దపు శిలాఫలకాల్లో థాసోస్ దీవి నుంచి వచ్చిన గుడ్డివాడు హెర్మోన్ కథ ఉంది. చూపు వచ్చాక మొక్కు చెల్లించలేదు, మళ్లీ గుడ్డివాడయ్యాడు. తిరిగొచ్చి ఇంకోసారి నిద్ర చేస్తే నయమైంది. ఏథెన్స్ నుంచి వచ్చిన ఒంటికన్ను అంబ్రోసియా ఈ కథలు విని నవ్వినందుకు, కన్ను బాగయ్యాక వెండి పంది సమర్పించాలన్నాడు దేవుడు.

నన్ను ఎక్కువసేపు ఆపింది అపెల్లాస్ అనే రోగి చెక్కించిన శాసనం. క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. అతనికి మాటిమాటికీ జబ్బు, అజీర్తి. దారిలో ఈజినా దీవి దగ్గరే దేవుడు అంత కోపం వద్దన్నాడట. గుడికి వచ్చాక ఇచ్చింది పూర్తిగా పథ్యం: రొట్టె, జున్ను, లెట్యూస్‌తో సెలరీ. స్నానం ఎవరి సాయం లేకుండా చేయాలి. పరుగెత్తాలి, చెప్పుల్లేకుండా నడవాలి. ఒంటికి ఆవాలు, ఉప్పు పట్టించాలి. పాలు ఉత్తగా తాగితే, తేనె కలుపు, అప్పుడే కడుపు కదులుతుందన్నాడు.

తొలి ఫలకాల్లో కలలోనే కన్ను కోసిన దేవుడు ఇక్కడ తిండి, స్నానం, వ్యాయామం లెక్కగట్టి చెబుతున్నాడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ సంప్రదాయపు వైద్యులు నమ్ముకున్నవీ ఆ మూడే. చార్మినార్ పక్క యునానీ ఆసుపత్రి పేరులో ఉన్న ‘యునాన్’ ఈ గ్రీసే. అక్కడి హకీములు నేటికీ పథ్యం చెప్పకుండా మందివ్వరు.

స్నానశాల పనివాడికి ఒక డ్రాక్మా (గ్రీకు నాణెం) ఇవ్వమని కూడా అపెల్లాస్‌కు ఆజ్ఞ అయింది. అదీ రాతి మీద చెక్కించాడు.