35 దాటని టెంపరేచర్ సర్క్యూట్

ఎల్ఎం35 టెంపరేచర్ సెన్సర్ పెట్టి సర్క్యూట్ కట్టినవాళ్ళలో ఎక్కువమంది రీడింగ్ కాస్త తేడా రాగానే సెన్సర్ పోయిందనేస్తారు, కొత్తది తెచ్చి వేస్తారు, అదీ అలాగే చూపిస్తుంది. ఈ మధ్య నా దగ్గరికొచ్చిన సర్క్యూట్ కూడా అదే బాపతు, రూమ్‌లో పెడితే కరెక్ట్‌గానే ఉంది, సోల్డరింగ్ ఐరన్ కాస్త దగ్గరికి తెస్తే 35 దాకా చకచకా ఎక్కి అక్కడే కూర్చుంటోంది, ఇంక కదిలితే ఒట్టు.

ఇలాంటప్పుడు ముందు సెన్సర్ సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్ సంగతి వదిలేసి మల్టీమీటర్ నల్ల ప్రోబ్ సెన్సర్ గ్రౌండ్ కాలికే పెట్టండి, బోర్డు మీద కనపడిన ఏదో ఒక గ్రౌండ్‌కి కాదు. ఎర్రది మధ్య కాలికి. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు కాబట్టి 28 డిగ్రీలకి 280 రావాలి. వచ్చిందా, సెన్సర్ జోలికి ఇక పోకండి. (రాకపోగా సెన్సర్ చెయ్యి కాలేంత వేడెక్కితే సప్లై, గ్రౌండ్ తిరగేసి కట్టారని అర్థం, డేటాషీట్‌లో బొమ్మ కింద వైపు నుంచి చూసినట్టు వేస్తారు, అక్కడే అందరూ బోల్తా పడతారు.)

తర్వాత ఆప్ ఆంప్ (ఆ ఆంప్లిఫయర్ ఐసీ) రెండు ఇన్‌పుట్‌లూ కొలవండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన టెస్ట్ ఇదే. ప్లస్, మైనస్ రెండూ దాదాపు ఒకే వోల్టేజ్ చూపిస్తే ఆప్ ఆంప్ తన పని తను చేస్తోంది, తేడా ఉంటే దాని చెయ్యి దాటిపోయిందన్నమాట. ఈ సర్క్యూట్‌లో ప్లస్ దగ్గర 420 మిల్లీవోల్టులు, మైనస్ దగ్గర 350. అంటే అవుట్‌పుట్ పైకి పోదామని చూస్తోంది గానీ పోలేకపోతోంది. అదే మైనస్ దగ్గర సున్నా ఉండి అవుట్‌పుట్ పైన ఇరుక్కుని ఉంటే అవుట్‌పుట్ నుంచి మైనస్‌కి వచ్చే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ సోల్డరింగ్ ఊడిందేమో చూసుకోవాలి.

ఎందుకు పోలేకపోతోందంటే, అందులో ఉన్నది ఎల్ఎం358, సప్లై 5 వోల్టులు, 18కె, 2కె రెసిస్టర్లతో గెయిన్ 10, అంటే సెన్సర్ ఇచ్చే వోల్టేజ్‌ని పదింతలు చేస్తుంది. ఆ ఐసీ అవుట్‌పుట్ సప్లైకి ఒక వోల్టున్నర కిందే ఆగిపోతుంది, అంటే 3.5 వోల్టులు, అంటే సరిగ్గా 35 డిగ్రీలు. దీన్ని చదివే మైక్రోకంట్రోలర్ కోడ్‌లో ఏ నంబర్ కలిపినా ఇది బాగుపడదు. 12కె, 3కె వేసి గెయిన్ 5 చేస్తే 70 డిగ్రీల దాకా వస్తుంది, లేదంటే ఎంసీపీ6002 లాంటి రైల్ టు రైల్ (అవుట్‌పుట్ దాదాపు సప్లై దాకా పోయే) ఐసీ వేసుకోవాలి. 358 కి 9 వోల్టులిచ్చినా పని జరుగుతుంది కానీ అప్పుడు అవుట్‌పుట్ 5 దాటి మైక్రోకంట్రోలర్ పిన్‌ని కాల్చేసే ఛాన్స్ ఉంది, నేనైతే చెయ్యను. ఇక ఇంత తక్కువ సప్లైకి సరిపోని పాత ఆప్ ఆంప్ 741 ని సింగిల్ 5 వోల్టుల మీద నడుపుదామనుకునేవాళ్ళతో వాదన కూడా పెట్టుకోను.

ఇదంతా సరిచేశాక కూడా రిలే ఆన్ అయినప్పుడల్లా ఒక డిగ్రీ గెంతుతుంటే అది గ్రౌండ్ వైర్ పని. 0.1 ఓమ్ వైర్‌లో 100 మిల్లీఆంపులు పోతే 10 మిల్లీవోల్టులు, అంటే అచ్చంగా ఒక డిగ్రీ, పైగా ఆంప్లిఫయర్ దాన్ని కూడా అంతే శ్రద్ధగా పెంచి పంపిస్తుంది. రిలే గ్రౌండ్‌ని వేరే వైర్‌తో నేరుగా సప్లై దగ్గరికే తీసుకెళ్ళండి.

కేబుల్ చేత్తో పట్టుకుంటే రీడింగ్ మారిపోతోందా, అయితే పొడుగు షీల్డ్ వైర్ కెపాసిటెన్స్‌కి సెన్సర్ ఆసిలేట్ అవుతుండొచ్చు (అంటే అవుట్‌పుట్ దానంతటదే పైకీ కిందికీ ఊగుతుండొచ్చు), ఎల్ఎం35 ఒంటరిగా 50 పికోఫారడ్‌ల దాకానే తట్టుకుంటుంది. అవుట్‌పుట్‌కి సిరీస్‌లో ఒక 2కె రెసిస్టర్ వేస్తే చాలు, ఆప్ ఆంప్ ఇన్‌పుట్ లాక్కునే కరెంట్ అతి తక్కువ కాబట్టి రీడింగ్ తగ్గదు, కాకపోతే దాన్ని సెన్సర్ పక్కనే వెయ్యాలి, కేబుల్ అవతలి చివర వేస్తే లాభం లేదు.