స్టేటస్ లేకుండా న్యూజెర్సీలో లైసెన్స్: నా అనుభవం

స్టూడెంట్ వీసా మీద ఉన్నన్నాళ్ళూ రూమ్మేట్ల కార్లలో నెట్టుకొచ్చాను. స్టేటస్, అంటే అమెరికాలో చట్టబద్ధంగా ఉండే అనుమతి, పోయాక గోడౌన్ పనికి సొంతంగా వెళ్ళక తప్పలేదు, బస్సులేమో ఆ దారిన పోవు.

న్యూజెర్సీలో స్టేటస్ లేనివాళ్ళకీ స్టాండర్డ్ లైసెన్స్ ఇస్తారు. 2019 డిసెంబర్‌లో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం పెట్టిన చట్టం 2021 మే 1 నుంచి అమలైంది. రియల్ ఐడీకి, అంటే దేశంలో విమానమెక్కడం లాంటి వాటికి చెల్లే ఫెడరల్ గుర్తింపుకి, పనికిరాదని కార్డు మీద రాసుంటుంది. రియల్ ఐడీ తీసుకోని సిటిజన్ల కార్డూ అలాగే ఉంటుంది కాబట్టి, దాన్ని చూసి మనకి స్టేటస్ లేదని ఎవరూ పట్టలేరు.

రాతపరీక్ష సులువే. 50 ప్రశ్నల్లో 40 కరెక్టయితే చాలు. గుర్తింపు కాగితాలకి ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని లెక్క, మొత్తం ఆరు కావాలి; అవి కూడబెట్టడం కూడా అయింది. అసలు తలనొప్పి అడ్రస్ ప్రూఫ్. మా అపార్ట్‌మెంట్ లీజు ఒకడి పేరున, కరెంటు బిల్లు ఇంకొకడి పేరున, ఫోనేమో ఫ్యామిలీ ప్లాన్‌లో. నా పేరున్నది బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే. లైసెన్స్ ఆఫీసు కౌంటర్లో ఆవిడ దాన్ని పాస్‌పోర్టు పక్కన పెట్టి, వేలు పెట్టి అక్షరం అక్షరం చూసింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేరు రెండు ముక్కలుగా ఉంది. బ్యాంకులో ఇంటిపేరుకి పొడి అక్షరం, రెండో ముక్క గల్లంతు. మనవాళ్ళకి ఎక్కడికెళ్ళినా ఇదే గోల, ఆవిడని అని లాభం లేదు. బ్యాంకులో పేరు సరిచేయించి, కొత్త స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఆగాను.

లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడగొచ్చు. టెన్షన్‌లో తల ఊపేయకండి. సిటిజన్ కానివాళ్ళు ఓటరుగా చేరితే ఇమ్మిగ్రేషన్ కేసు శాశ్వతంగా పాడవ్వొచ్చు.

పర్మిట్ వచ్చాక మూడు నెలలు లైసెన్సున్న మనిషిని పక్కన పెట్టుకుని నడపాలి. రోడ్ టెస్టుకి కారు మనమే తీసుకెళ్ళాలి, బ్రేక్ ఎగ్జామినర్‌కి అందేలా ఉండాలి. అందుకే మధ్యలో హ్యాండ్‌బ్రేక్ ఉన్న పాత సివిక్‌ని ఒక ఫ్రెండ్‌ని బతిమాలి తెచ్చుకున్నాను. చివరికి కార్డుకి 24 డాలర్లు కట్టాను.

వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి చేరతాయని నాతో పనిచేసే ఒకతను ఇప్పటికీ అప్లై చేయలేదు. కోర్టు ఉత్తర్వో వారెంటో లేనిదే ఇవ్వకూడదనే చట్టంలో ఉంది. అతని భయాన్ని కొట్టిపారేయను. కానీ లైసెన్స్ లేకుండా నడుపుతూ దొరికితే పోలీసుల దగ్గర పేరు ఎక్కేది ఆ రోజే కదా అన్నాను. ఆలోచిస్తానన్నాడు.