ఫ్యాన్ కోసం గీసిన పట్టిక

ఆదివారం, రాత్రి 10.50

శుక్రవారం రాత్రి అమ్మ గదిలో ఫ్యాన్ ఆగిపోయింది. మే నెల, బెజవాడ. ఇక చెప్పేదేముంది. అమ్మ హాల్లో కూలర్ ముందు పడుకుని తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లింది. శనివారం పొద్దున్నే వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. కండెన్సర్ పోయి ఉంటే బాగుండునని నా ఆశ, తక్కువలో తేలిపోతుంది. ఆయన స్టూలెక్కి రెక్కని వేలితో తిప్పి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, "వైండింగ్ మాడిపోయింది సార్. మళ్ళీ చుట్టించొచ్చు గానీ, పదిహేడేళ్ళ ఫ్యాను మీద డబ్బులెందుకు పెడతారు?" అన్నాడు.

సరే, కొత్తది కొందాం. మా ఆవిడ అయితే ఆ పూటే వెళ్ళి ఏదో ఒకటి తెచ్చేసేది. నాకు అలా కుదరదు. ఆఫీసులో పన్నెండేళ్ళుగా స్టోర్స్ సెక్షన్ చూస్తున్నాను. కుర్చీలు కొన్నా కాగితాలు కొన్నా మూడు కొటేషన్లు, వాటిని పక్కపక్కన పెట్టే కంపారిటివ్ స్టేట్‌మెంట్, కింద సంతకాలు, ఎల్-1కి, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికి, ఆర్డర్. సొంత డబ్బుతో కొనేటప్పుడు మాత్రం ఎందుకు చేయకూడదనిపించింది. పాప రఫ్ నోటుబుక్కులో పేజీ అడ్డంగా తిప్పి గీతలు గీశాను. ఐదు ఫ్యాన్లు, ఏడు గడులు: ధర, వాట్లు, గాలి, స్టార్లు, వారంటీ, కొన్నవాళ్ళిచ్చిన రేటింగ్, ఎంతమంది ఇచ్చారు.

"ఫ్యాన్ కొంటున్నారా, బ్రిడ్జి కడుతున్నారా?" అంది మా ఆవిడ పచ్చిమిరపకాయలు తుంచుతూ.

మొదట తేలిపోయింది నాలుగో ఫ్యాన్. మూడో దానికంటే ధర మూడొందలు ఎక్కువ, కరెంటు ఎక్కువ తాగుతుంది, గాలి తక్కువ, వారంటీ ఒక ఏడాది తక్కువ. ఏ ఒక్క గడిలోనూ మూడో దానిమీద పైచేయి లేదు. ఇలాంటిదాన్ని కొట్టేయడానికి ఆలోచనే అక్కర్లేదు. ఏది ముఖ్యమో ఇంట్లో ఎవరెలా అనుకున్నా అది గెలవదు. పట్టిక గీసినందుకు చేతికొచ్చిన మొదటి లాభం ఇదే. విడివిడిగా చూసినప్పుడు ఆ ఫ్యాన్ ఫొటోలో ఎంత బాగుందో! రెక్కల చివర బంగారు రంగు పట్టీ కూడా ఉంది.

తర్వాత కొట్టేసింది ఫ్యాన్‌ని కాదు, ఒక గడిని. కొన్నవాళ్ళిచ్చిన రేటింగ్ చూస్తే 4.1, 4.2, 4.2, 4.3. క్లాసులో అందరికీ తొంభై ఐదొస్తే ఫస్టెవడో ఏం చెప్తాం? ఒక్క ఐదో ఫ్యాన్‌కి మాత్రం 4.6. చూడగానే మనసు అటు లాగింది. పక్క గడి చూస్తే ఇచ్చినవాళ్ళు 12 మంది. రెండో ఫ్యాన్‌కి 3,800 మంది. లెక్క వేశాను: ఆ పన్నెండు మందికి తోడు ఇంకో ఇద్దరు కోపంగా ఒక్కో స్టార్ పడేస్తే 4.6 కాస్తా 4.1 అవుతుంది. మూడువేల ఎనిమిది వందల మంది మధ్య అలాంటి ఇద్దరు వచ్చినా సగటుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పన్నెండు మంది అంటే కంపెనీవాడి చుట్టాలే సరిపోతారు, తప్పుగా అనుకోకండి.

సగటు వదిలేసి, రెండో ఫ్యాన్‌కి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళ మాటలు వరసగా ముప్ఫై చదివాను. మధ్యాహ్నం నిద్ర పోయింది గానీ ఇది మాత్రం పనికొచ్చింది. పదకొండు మంది గోల డబ్బా నలిగిపోయి వచ్చిందనో, రెక్క వంగిందనో. ఆరుగురికి బిగించడానికి మనిషి రాలేదు. నలుగురికి రిమోట్ చిక్కు. అసలు ఫ్యాన్ గురించి మాట్లాడినవాళ్ళు తొమ్మిది మంది, అందులో ఐదుగురు ఏడాది దాటాక ఫ్యాన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నారు. ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది పెట్టె విప్పిన రోజే రాసేశారు. "సూపర్ లుక్." ఫ్యాన్ లుక్ చూసి పడుకుంటారా? ఇంకో సంగతి, 900 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్‌కీ 1200 మిల్లీమీటర్ల పెద్దదానికీ వచ్చిన మాటలన్నీ ఒకే కుప్పలో పోశారు. ఎవరు దేన్ని మెచ్చుకున్నారో ఆ దేవుడికెరుక. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అని భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం పెట్టింది. తెచ్చినప్పుడు పాటించడం మాత్రం ఐచ్ఛికమే.

స్టార్ లేబుల్ దగ్గర ఇంకాసేపు ఆగాను. సీలింగ్ ఫ్యాన్లకి, కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్లు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఐదు స్టార్లంటే గాలి బాగా వస్తుందని ఇన్నాళ్ళూ నేనూ అనుకున్నాను. అది కాదు. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి విసురుతుందో దాన్ని వాట్లతో భాగిస్తారు, స్టార్లు ఆ లెక్కను బట్టే. మొదటి ఫ్యాన్ మామూలుది, 52 వాట్లు, గాలి 220. భాగిస్తే 4.2, ఒకే ఒక్క స్టార్. రెండోది బీఎల్‌డీసీ, అంటే కరెంటు తక్కువ తాగే కొత్తరకం మోటారుది, 30 వాట్లు, గాలి 215. భాగిస్తే ఏడు దాటింది, ఐదు స్టార్లు. అంటే ఒక్క స్టార్ ఫ్యానే కాస్త ఎక్కువ గాలి ఇస్తోంది! స్టార్లు కరెంటు బిల్లు సంగతి చెప్తాయి, చెమట సంగతి కాదు.

ఇక డబ్బు లెక్క. బీఎల్‌డీసీ అమ్మేవాళ్ళంతా పాత 75 వాట్ల ఫ్యాన్‌తో పోల్చి చూపిస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. తేడా 45 వాట్లు, రోజుకి పదహారు గంటలు, నెలకి 21.6 యూనిట్లు. ఎండాకాలం మా మీటరు 226 యూనిట్లు దాటుతుంది, ఆ స్లాబులో యూనిట్ 8 రూపాయల 75 పైసలు. మిగిలేది ఆ పైనుంచే తగ్గుతుంది కాబట్టి నెలకి 189 రూపాయలు. గర్వంగా పాపకి చూపించాను.

పాప ఇంటర్ చదువుతోంది. పెన్సిల్ తీసుకుని 75 చుట్టూ సున్నా చుట్టింది. "ఈ ఫ్యాన్ చచ్చిపోయింది కదా నాన్నా. పోటీలో లేనిదాంతో పోలుస్తావేంటి? రెండోది కొంటే నువ్వు వదిలేసేది 52 వాట్లది."

నిజమే. తేడా 22 వాట్లు, నెలకి పదిన్నర యూనిట్లు, 92 రూపాయలు. సగానికి పడింది. మొదటిది 1,750, రెండోది 2,650. ఆ తొమ్మిది వందలు తిరిగి రావాలంటే పది ఎండాకాలపు నెలలు కావాలి, అంటే రెండేళ్ళ పైమాటే. "పైగా నానమ్మ రెండో నంబరు స్పీడు మీదే పెట్టుకుంటుంది. నువ్వు ఫుల్ స్పీడు వాట్లు వేశావు" అని ఇంకో పోటు పొడిచి వెళ్ళిపోయింది. ఆఫీసులో ఆడిట్‌వాళ్ళు కూడా నన్నిలా పట్టుకోలేదు.

సాయంత్రం ఒక్కో ఫ్యాన్‌కీ మార్కులు వేసి, పట్టిక తీసుకెళ్ళి అమ్మకి చదివి వినిపించాను. రిమోట్ ఉన్న ఫ్యాన్‌కి ఒక మార్కు ఎక్కువేశానని, మోకాళ్ళ నొప్పులతో లేవక్కర్లేదని చెప్పాను.

"ఆ రిమోట్ ఎక్కడ పెట్టానో వెతుక్కోడానికి లేవాలిగా. స్విచ్చయితే గోడ మీదే ఉంటుంది, ఎక్కడికీ పోదు" అంది.

ప్లస్ మార్కు కొట్టేసి మైనస్ పెట్టాను. ఆ ఒక్క మార్కు మారేసరికి మూడో ఫ్యాన్ మొదటి స్థానం నుంచి కిందికి జారింది. ధరకి రెట్టింపు విలువిస్తే మొదటిది గెలుస్తుంది, కరెంటుకిస్తే మూడోది, వారంటీకిస్తే మళ్ళీ మూడోదే. ఏది గెలవాలో నేనే ముందు అనుకుని మార్కులు వేస్తున్నానేమోనని కూడా అనుమానం వచ్చింది. ఆఫీసులో ఈ బెడద లేదు, ఎల్-1 అంటే ఎల్-1.

చివరికి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు. "బీఎల్‌డీసీలో పోయేది కిట్టు సార్, అదే లోపలి బోర్డు, కండెన్సర్ లాగా నేను మార్చలేను, కంపెనీవాడే రావాలి. మీరు చెప్పిన ఐదోదానికి ఊళ్ళో సర్వీసు లేదు. మూడోది కాల్ పెడితే వారం తిప్పుతారు. రెండోది రెండ్రోజుల్లో వస్తారు. దానికి స్విచ్చి ఆపి వేస్తే స్పీడు మారుతుంది, రిమోట్ లేకపోయినా మామ్మగారికి నడిచిపోద్ది. రేపు ఇన్వర్టర్ పెట్టించుకున్నా దాని మీద ఎక్కువసేపు తిరుగుద్ది." ఎనిమిదో గడి గీసి ఆయన మాట రాశాను. ఆ తర్వాత ఇంకేమీ కూడలేదు.

ఏడు గంటలకి గవర్నర్‌పేట వెళ్ళాం. ఆన్‌లైన్‌లో 2,650 ఉన్నది షాపులో అడిగితే 2,500కి ఇచ్చాడు. ఆ నూటయాభై నా పట్టికలో ఎక్కడా లేదు. బిల్లు కొడుతూ కౌంటర్ కుర్రాడు క్యూఆర్ కోడ్ అట్ట నా ముందుకి జరిపాడు. "ఒక ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్." ఫ్యాన్ ఇంకా డబ్బాలోనే ఉంది. టేపు కూడా చింపలేదు. ఏం రాయమంటావని అడిగితే "ఏదైనా పర్లేదు సార్, గుడ్ అనండి చాలు" అన్నాడు. చేతిలో ఫోన్ ఉంది, వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. తర్వాత రాస్తానని వచ్చేశాను. మా ఆవిడ మాత్రం "పాపం, ఇస్తే ఏం పోయింది" అని దారంతా అంటూనే ఉంది.

తొమ్మిదిన్నరకి ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాడు. పాత రెగ్యులేటర్ పీకేసి, ఆ కన్నం మీద తెల్ల ప్లేటు వేశాడు. స్విచ్చి ఆపి వేయడం అమ్మకి మూడుసార్లు చూపించాడు. నాలుగోసారి తనే వేసింది.

ఇప్పుడే గదిలోకి తొంగి చూశాను. ఫ్యాన్ తిరుగుతోంది, చప్పుడు లేదు. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది.

"గాలి బానే ఉందిరా. ఆ గరగర లేకపోతే నిద్ర పట్టట్లేదు. అది ఆగినప్పుడే కదా కరెంటు పోయిందని తెలిసేది" అంది.

రిమోట్ అప్పటికే క్యాలెండర్ మేకుకి వేలాడుతోంది, దోమతెర తాడుముక్కతో కట్టి.