కుమార పున్నమి జాగారంలో ఆడిన ఆటలు

మా బరంపురంలో ఆశ్వయుజ పౌర్ణమిని ఒడియావారు కుమార పున్నమి అంటారు. ఆ రోజు పెళ్ళికాని ఆడపిల్లలు ఉపవాసం ఉండి, చంద్రోదయం కాగానే పేలాలు, అరటిపండు, కొబ్బరి కలిపి చేసిన చాంద చకటను చంద్రుడికి నివేదించి తింటారు. ఆ రాత్రి లక్ష్మీదేవి ఎవరు మేలుకొని ఉన్నారో చూడటానికి వస్తుందన్న నమ్మకంతో ఇంటిల్లిపాదీ పాచికలో, పేకముక్కలో, లూడోనో ముందు పెట్టుకుని జాగారం చేస్తారు. తరాలుగా ఇక్కడే ఉంటున్న మాలాంటి తెలుగు కుటుంబాలు కూడా ఈ జాగారాన్ని తమదిగానే చేసుకున్నాయి. ఈ ఏడాది మేము ఆ రాత్రిని కొత్తరకం బోర్డు ఆటలతో మొదలుపెట్టి పాత ఆటతో ముగించాము. ఆ ఆటలు నాకు ఎలా అనిపించాయో మరచిపోకముందే రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

డాబా మీద చాప చుట్టూ చేరింది నలుగురం. నేను, రాయగడ నుంచి సెలవులకు వచ్చిన మా చెల్లెలు, సాయంత్రం రైలుకు ఇచ్ఛాపురం నుంచి వచ్చిన నా చిన్ననాటి మిత్రుడు, మా పక్కింటి ఒడియా మిత్రుడు. మా మామ్మ పడకకుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. ఆటల పెట్టెలు మూడూ ఇచ్ఛాపురం మిత్రుడివే. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక్కొక్కటిగా కొనుక్కున్నాడు. ఆటను నేను చూసే చూపు ఒకటుంది. గెలిచేవాడికి ఏ ఆటైనా బాగానే ఉంటుంది. సగం ఆట గడిచేసరికి వెనకబడిపోయిన మనిషి మిగిలిన సగాన్ని ఎలా గడుపుతాడన్నదే నేను ముఖ్యంగా గమనిస్తాను. చిన్నప్పుడు లూడోలో ఆరు పడక, నాలుగు కాయలూ ఇంట్లోనే పెట్టుకుని అరగంటసేపు అందరి మొహాలూ చూస్తూ కూర్చున్న అనుభవం నాకు బాగా గుర్తుంది కనుక, ఆ మనిషి పక్షాన ఆలోచించడం నాకు అలవాటయింది.

మొదట విప్పింది కటాన్. జర్మనీకి చెందిన క్లాస్ టాయ్‌బర్ రూపొందించగా 1995లో వచ్చిన ఈ ఆటలో ఆరు మూలల బిళ్ళలు 19 ఉంటాయి. అడవి నుంచి కలప, పచ్చిక నుంచి గొర్రెలు, పొలం నుంచి గోధుమ, గుట్ట నుంచి ఇటుక, కొండ నుంచి ఖనిజం వస్తాయి. ఒక్క ఎడారి మాత్రం ఏమీ ఇవ్వదు. మిగతా ప్రతి బిళ్ళ మీదా ఒక అంకె ఉంటుంది. రెండు పాచికలు వేసినప్పుడు ఆ అంకె పడితే, ఆ బిళ్ళ అంచున ఊరు కట్టుకున్నవాళ్ళకు ఆ సరుకు చేతికి వస్తుంది. బాట వేయాలంటే కలప, ఇటుక కావాలి; ఊరు కట్టాలంటే వాటితో పాటు గొర్రె, గోధుమ కూడా కావాలి. ఆ ఊరిని పట్నం చేయాలంటే మూడు ఖనిజాలు, రెండు గోధుమలు కావాలి. పది పాయింట్లు ముందుగా చేరినవారిది గెలుపు.

ఇందులో ఇటుక బిళ్ళలు మూడే. వాటిలో రెండింటి అంచున మా ఇచ్ఛాపురం మిత్రుడు మొదటే ఊళ్ళు పెట్టుకున్నాడు. మూడోదాని మీద ఉన్న అంకె 12. అది 36 అవకాశాల్లో ఒక్కదానికే పడుతుంది. మా చెల్లెలి చేతిలో గొర్రెలు మందలుగా పోగవుతున్నాయి గానీ ఒక్క ఇటుకా లేదు, ఇటుక లేనిదే బాట లేదు, బాట లేనిదే ఊరు లేదు. అప్పుడు మొదలైన బేరం మా బడ బజారులో కూరగాయల దగ్గర జరిగే బేరానికి ఏమాత్రం తీసిపోలేదు.

"మూడు గొర్రెలిచ్చీ చెల్లెమ్మా, ఇటుకట్టుకెళ్ళిపో."

"అదేటన్నయ్యా, మరీ అన్యాయం కాదేటి? రెండిస్తాను."

"బ్యాంకుకయితే నాలుగివ్వాలి మరి. నేను మూడే కదా అడుగుతున్నాను."

అతని లెక్కలో తప్పు లేదు. ఎవరితోనూ బేరం కుదరనివారు ఒకే రకం సరుకు నాలుగు బ్యాంకుకు ఇచ్చి తమకు కావలసినది ఒకటి తీసుకోవచ్చు కనుక, మూడు దాకా అడిగే హక్కు అతనికి ఉంది. ఈలోగా ఒడియా మిత్రుడికి పాచికల్లో 7 పడింది. 7 పడితే దొంగ అనే కాయను మరో బిళ్ళ మీదికి కదిపి, ఆ బిళ్ళ పక్కన ఊరున్న ఒకరి చేతిలో నుంచి చూడకుండా ఒక కార్డు తీసుకోవచ్చు. ఆయన ఇచ్ఛాపురం మిత్రుడి చేతిలో నుంచి లాగిన కార్డు సరిగ్గా ఇటుకే అయింది. అప్పటికే ఎనిమిది పాయింట్లకు చేరిన మనిషిని ఆపాలంటే చెల్లెలు లేచి నిలబడటమే తనకు మేలని గ్రహించి, "మెంఢా గోటియే దే" అని ఒక్క గొర్రెకే ఆ ఇటుక ఇచ్చేశాడు. ఆమె వేసిన బాట ఇచ్ఛాపురం మిత్రుడు ఊరు కట్టదలచిన మూలకు అడ్డంగా పడింది. చివరకు అతి పొడవైన బాటకు వచ్చే రెండు పాయింట్లతో ఒడియా మిత్రుడు పదికి చేరాడు. చెల్లెలు ఏడు దగ్గర ఆగింది, అయినా ఆ గంటన్నరలో మా అందరికంటే ఎక్కువగా మాట్లాడింది ఆమే. నాకు కటాన్ నచ్చడానికి కారణం ఇదే. వెనకబడినవారి చేతిలో ఉన్నది ఎంత పనికిరానిదైనా, దాన్ని కొనేవారు ఎక్కడో ఒకరు ఉంటారు. ముందున్నవాడికి అమ్మకూడదని మిగతావారు నిర్ణయించుకున్న క్షణం నుంచి ఆట తిరగబడే అవకాశమూ ఉంటుంది.

అయితే పాచికల విషయంలో నా బాధ ఒకటుంది. 36 అవకాశాల్లో 8 పడేవి అయిదు, 4 పడేవి మూడే. అందుకే 6, 8 అంకెలను ఎర్రగా అచ్చు వేస్తారు. ఆ ఎరుపును నమ్మి నేను 8 ఉన్న ఖనిజపు కొండ పక్కన ఊరు పెట్టాను. మొదటి నాలుగు చుట్లలో, అంటే పదహారు సార్లు పాచికలు వేసినా, 8 ఒక్కసారీ పడలేదు. ఆ సమయంలో నా దగ్గర అమ్మడానికి సరుకు లేదు, అందుకే బేరంలో నాకు చోటూ లేదు. చేతిలో కనీసం గొర్రెలైనా ఉన్న చెల్లెలి పరిస్థితి నా కంటే నయం. ఆట మొదట్లోనే ఏమీ రాకుండా పోయినవాడికి కటాన్ దగ్గర జవాబు లేదు.

రెండోది టికెట్ టు రైడ్. అలన్ ఆర్. మూన్ రూపొందించిన ఈ రైలు ఆట 2004లో వచ్చి, ఆ ఏడాదే జర్మనీలో ఇచ్చే స్పీల్ దేస్ యారెస్ బహుమతి అందుకుంది. ఉత్తర అమెరికా పటం మీద ఒక్కొక్కరం 45 చిన్న ప్లాస్టిక్ పెట్టెలు పేర్చుకుంటూ, మన చేతిలోని టికెట్లలో ఉన్న ఊళ్ళను కలపాలి. నియమాలు చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు. పటం మీది ఊళ్ళు ఎక్కడున్నాయో మాలో ఎవరికీ సరిగా తెలియకపోయినా ఆట సాఫీగా సాగింది. హౌరా–చెన్నై లైను మీద పుట్టి పెరిగినవాళ్ళం, రైలు ఆటను అర్థం చేసుకోవడం మాకు కష్టం కాలేదు. వెనకబడిన మనిషి గురించి ఈ ఆట కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, తాను వెనకబడ్డానని అతనికి చివరిదాకా తెలియనివ్వకపోవడం. టికెట్లు బోర్లా ఉంటాయి, లెక్క ఆట ముగిశాకే తేలుతుంది.

ఆ ఉపాయం ఒక్కోసారి మనసుకు కష్టం కలిగిస్తుంది కూడా. ఒడియా మిత్రుడి చేతిలో సియాటిల్ నుంచి న్యూయార్క్ వరకు 22 పాయింట్ల టికెట్ ఉంది. పూర్తి చేస్తే 22 కలుస్తాయి, చేయకపోతే 22 పోతాయి. ఇద్దరు పోవడానికి జంట దారులు పటంలో చాలాచోట్ల ఉన్నా, అక్కడక్కడా ఒక్కరికే చోటున్న చిన్న దారులూ ఉన్నాయి. ఆయనకు కావలసిన అలాంటి దారిని నేను ఆయన అవసరం తెలియకుండానే తీసుకున్నాను. ఆయన మౌనంగా చుట్టుదారి పట్టాడు. ఒకరి దగ్గర రెండు పెట్టెలో అంతకంటే తక్కువో మిగిలితే, అందరికీ చివరి వంతు ఒక్కొక్కటి వచ్చి ఆట ముగుస్తుంది. ఆ ముగింపు వచ్చేసరికి ఆయనకు ఒకే ఒక్క దారి కొరవడింది. టికెట్ తిప్పి చూపించినప్పుడు ఆయన మొహం చూసి నాకు నిజంగా బాధ వేసింది. భారతదేశపు పటంతో కూడిన అదనపు బోర్డు 2011లోనే వచ్చిందని తెలిసి, వచ్చేసారి అది తెప్పించి ఆయనను పిలవాలని అనుకున్నాను.

మధ్యలో ఆయన ఇంటికి వెళ్ళి వాళ్ళ తాతగారి గంజపా కార్డులు తెచ్చి చూపించాడు. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, గుండ్రంగా కత్తిరించి, రంగులు వేసి, లక్క పూసిన ముక్కలవి. రంగుకు పన్నెండు చొప్పున ఎనిమిది రంగులకు 96 ఉండాలి. లెక్కపెడితే మూడు తక్కువ వచ్చాయి, కనుక ఆడటం కుదరలేదు. ఒక రాజు ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాను. అంచు దగ్గర వేళ్ళు పట్టీ పట్టీ రంగు పోయి లోపలి గుడ్డ నేత కనిపిస్తోంది. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్ చిత్రకారులు ఈ ముక్కలను ఇప్పటికీ రాస్తారు కనుక, ఆ మూడూ రాయించుకోమని గట్టిగా చెప్పాను.

మూడోది ప్యాండమిక్. మాట్ లీకాక్ రూపొందించిన ఈ ఆట 2008లో వచ్చింది. ఇందులో ఒకరిమీద ఒకరు గెలవడం ఉండదు. నలుగురూ కలిసి నాలుగు రోగాలతో పోరాడాలి. పటంలోని 48 నగరాల్లో చెన్నై, కోల్‌కతా రెండూ ఉన్నాయి, వాటి మధ్య ఒక గీత ఉంది. ఆ గీత మీద చెల్లెలు వేలు పెట్టి, "మనం ఇక్కడే ఎక్కడో ఉంటాం" అంది. అప్పటి నుంచి ఆ రెండు నగరాలనూ కాపాడటం మాకు సొంత పని అయిపోయింది. ఒక నగరంలో రోగాన్ని సూచించే ఒకే రంగు ఘనాలు మూడు ఉండగా నాలుగోది పెట్టవలసి వస్తే, రోగం దాని చుట్టూ ఉన్న నగరాలన్నిటికీ పాకుతుంది. మొదటిసారి కోల్‌కతాలో అలా జరిగింది. చెన్నైలో అప్పటికే మూడు ఉండటంతో అదీ పేలింది. ఢిల్లీకి రెండు వైపుల నుంచీ రోగం వచ్చి పడింది, బ్యాంకాక్‌కూ అలాగే. మూడు రోగాలకు మందు కనిపెట్టాము, నాలుగోదానికి ఒక్క కార్డు తక్కువగా ఉండగా కార్డుల కట్ట అయిపోయింది, అందరమూ ఓడిపోయాము.

వెనకబడిన మనిషి అంటూ ఒకరు ఉండరు కనుక ఇది నాకు అన్నిటికంటే బాగా నచ్చాలి. మొదటిసారి నచ్చలేదు. ఆట బాగా తెలిసిన ఇచ్ఛాపురం మిత్రుడు ప్రతి ఒక్కరి వంతులోనూ ఎక్కడికి వెళ్ళాలో, ఏం చేయాలో తానే చెప్పాడు. వైద్యుడి పాత్ర తీసుకున్న చెల్లెలు అతను చెప్పిన చోటికి కాయను జరపడం తప్ప మరేమీ చేయలేదు. కటాన్‌లో ఓడుతూ కూడా అంత సందడి చేసిన మనిషి ఇక్కడ మౌనంగా కూర్చుంది. అందుకని రెండోసారి ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. ఎవరి వంతులో వారు ముందుగా తమ ఆలోచన చెప్పాలి, ఆ తరవాతే మిగతావారు నోరు విప్పాలి. ఆ ఒక్క మార్పుతో ఆట పూర్తిగా మారిపోయింది. అందరూ ఆఫ్రికా వైపు వెళ్ళమన్నా వినకుండా చెల్లెలు చెన్నైలోనే నిలిచి, వైద్యుడికి ఉన్న ప్రత్యేక శక్తితో అక్కడి మూడు ఘనాలనూ ఒక్క దెబ్బతో తీసేసింది. తరవాతి చుట్టులో మళ్ళీ చెన్నై కార్డే వచ్చింది. ఆమె తీసి ఉండకపోతే మేము అక్కడితో ఓడిపోయేవాళ్ళం. ఆ ఆట గెలిచాము. ఈ ఆట ఆడేవారందరూ ఈ కట్టుబాటు పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

రెండు దాటాక మామ్మ కుర్చీలోంచి లేచి, "ఆ రోగాల ఆట సాలు గానీ, గవ్వలట్టుకురండి" అంది. సుద్దముక్కతో డాబా మీద అయిదు వరుసల అష్టాచెమ్మా గళ్ళు తానే గీసింది. చుట్టూ పదహారు, లోపల ఎనిమిది, నడుమ ఒకటి, మొత్తం 25 గళ్ళు. కాయలుగా ఒకరికి చింతగింజలు, ఒకరికి గాజుముక్కలు, ఒకరికి చీపురుపుల్లలు, ఒకరికి గులకరాళ్ళు. నేను లెక్క రాసుకుంటానని ఆడకుండా తప్పుకున్నాను. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అంత. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వకు రెండు వైపులూ సమానమనుకుంటే పదహారింట ఒక్కసారే అష్ట పడాలి. కానీ గవ్వ వీపు గుండ్రం, కడుపు చదును, పైగా ప్రతి గవ్వదీ ఒక తీరు. మామ్మ వాటిని అరచేతిలో రెండుసార్లు గలగలలాడించి, నేలకు ఆనీ ఆననట్టు జారవిడుస్తుంది. గంటసేపట్లో ఆమెకు అయిదుసార్లు అష్ట పడింది.

మా ఇంటి పద్ధతిలో ఎదుటివారి కాయను ఒక్కదాన్నైనా చంపనిదే లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదు. కనుక అందరికంటే వెనకున్నవాడు అందరికంటే ప్రమాదకరమైనవాడు. ముందున్న కాయలన్నీ అతని ముందు నుంచే పోవాలి మరి. ఒడియా మిత్రుడి కాయలు నాలుగూ బయటి వరుసలోనే తిరుగుతూ చెల్లెలి గాజుముక్కలు రెండింటినీ, ఇచ్ఛాపురం మిత్రుడి చీపురుపుల్లనూ ఇంటికి పంపాయి. చంపిన ప్రతిసారీ ఇంకో పందెం వస్తుంది. రైలు ఆటలో మౌనంగా ఓడిన మనిషి ఇక్కడ మోకాళ్ళ మీద లేచి కూర్చుని "మార్! మార్!" అని కేకలు వేస్తుంటే కింది వాటాలో దీపం వెలిగింది.

తెల్లవారుజామున నాలుగు దాటేసరికి మామ్మ చింతగింజలు మూడు పండాయి, నాలుగోది నడిమి గడికి ఒక్క గడి దూరంలో ఉంది. దానికి సరిగ్గా ఒకటే పడాలి. మూడు వంతులుగా పడటం లేదు. చంద్రుడు గోపాల్‌పూర్‌కు ఎదురు వైపున ఇళ్ళ వెనక్కి దిగిపోయాడు, గళ్ళు కనిపించడం మానేశాయి. ఇక పడుకుందామంటే మామ్మ ఒప్పుకున్నది గానీ గళ్ళు తుడవనివ్వలేదు. కాయలు ఎక్కడివి అక్కడే ఉంచి, కాకులు కదపకుండా ఇత్తడి తాంబాళాన్ని బోర్లించి, దాని మీద పొత్రం పెట్టించింది. సాయంత్రం అందరమూ మళ్ళీ కూర్చోవాలి. పందెం ఒడియా మిత్రుడిది.