రెండో సీడీఎస్ ప్రయత్నం: "ఎక్కడ ఆగాలి?" అన్న ప్రశ్నకి జవాబు దొరికాక

మొన్న ఫైనల్ మెరిట్ లిస్టులో నా నంబరు చూసి అమ్మ ఏడ్చేసింది. రెండేళ్లుగా దాచుకున్న ఏడుపు అది. వైజాగ్‌లో సీడీఎస్‌కి, అంటే త్రివిధ దళాల్లో అధికారి కావడానికి రాసే పరీక్షకి, చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

రాత పరీక్ష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పదేళ్ల పాత పేపర్లు, రోజూ మ్యాథ్స్, అంతే. నాకు దెబ్బ తగిలింది ఎస్ఎస్‌బీలో, అంటే రాత పరీక్ష దాటాక అధికారుల్ని ఎంపిక చేసే బోర్డు పెట్టే ఐదు రోజుల ఇంటర్వ్యూలో.

మొదటిసారి గ్రూప్ డిస్కషన్‌లో టాపిక్ ఉగ్రదాడులకి మన స్పందన ఎలా ఉండాలని. నేను గొంతు పెంచి అందుకున్నాను. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి జరిగితే ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యాన్ని దాదాపు పది నెలలు సరిహద్దులో నిలబెట్టి వెనక్కి తెచ్చారు, అది పిరికితనం, అప్పుడే లోపలికి వెళ్లాల్సింది అన్నాను. ఎదురుగా కూర్చున్న అబ్బాయి మెల్లగా అడిగాడు: "సరే, వెళ్లాం. ఎక్కడ ఆగాలి?" నా దగ్గర జవాబు లేదు. ఇంకా గట్టిగా అరిచాను.

ఐదో రోజు బోర్డు చివరి సమావేశం (కాన్ఫరెన్స్) అయ్యాక చదివిన ఎంపికైనవాళ్ల నంబర్లలో నాది లేదు. చెస్ట్ నంబరు విప్పి ఇచ్చేసి రైలెక్కాను. నన్ను ఎందుకు తీసుకోలేదో బోర్డు చెప్పదు, కానీ ఆ ప్రశ్న మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ నెలలోనే బాబాయి పిల్లలు వస్తే ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన పాత సబ్‌మెరైన్ కురుసుర చూపించడానికి తీసుకెళ్లాను. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. టార్పెడోల గదిలో, వాటి పక్కనే నావికులు పడుకున్న ఇరుకు మంచాల దగ్గర, నేవీలో రిటైరైన గైడ్ ఒక మాట చెప్పారు. 1971 యుద్ధంలో ఈ సబ్‌మెరైన్ అరేబియా సముద్రంలో గస్తీ తిరిగినప్పుడు రెండు షరతులు పెట్టారట: గీసిచ్చిన ఓడల దారులు దాటకూడదు, ఎదుటిది శత్రువు ఓడే అని ఖాయంగా తేలాకే కొట్టాలి. పిల్లలు ముందుకెళ్లిపోయారు. నేను టార్పెడో ట్యూబు మీద చెయ్యి వేసి అక్కడే ఉండిపోయాను. చేతిలో టార్పెడో పెట్టుకుని, నీళ్ల కింద రోజుల తరబడి, తేలేదాకా ఆగాలి. ఇది పిరికివాళ్లు చేసే పనా?

అక్కడి నుంచి నా నోట్సు మొత్తం మార్చాను. ఒక్కో ఘటనకి ఒక పేజీ: ఏం జరిగింది, ఏం చేయగలిగే వాళ్లం, ఎందుకు ఆగాం, దానికి మూల్యం ఎవరు చెల్లించారు. ఈ చివరి ప్రశ్న వదలకండి. 1999 కార్గిల్‌లో వైమానిక దళం నియంత్రణ రేఖ దాటకూడదన్నారు. ప్రపంచం మన వైపు నిలిచింది, కానీ కొండలకి ఎదురెక్కిన జవాన్లు ప్రాణాలిచ్చారు. ఎల్ఏసీకి (చైనాతో వాస్తవాధీన రేఖకి) రెండు కిలోమీటర్లలోపు కాల్పులు వద్దని 1996లో చైనాతో ఒప్పందం చేసుకున్నాం. 2020 జూన్‌లో గల్వాన్‌లో తుపాకులు పేల్చకుండానే జరిగిన ఘర్షణలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మందిని పోగొట్టుకున్నాం. అవతలివాడు పాటించని ఒప్పందాన్ని తిరగదోడాల్సిందే. 2016లో సర్జికల్ దాడులు చేసి, ఇంతటితో ఆపుతున్నామని సైనిక కార్యకలాపాలు చూసే డైరెక్టర్ జనరల్ (డీజీఎంఓ) అదే రోజు ప్రకటించారు. ఎక్కడ ఆగాలో తెలిసి వెళ్లడమంటే అదే. ఆ అబ్బాయి అడిగింది కూడా అదే.

టీవీ డిబేట్లు మానేయండి. అరిచేవాళ్లని చూస్తే అరవడమే వస్తుంది, నాకు వచ్చింది. పొద్దున ఐదింటికి బీచ్‌లో పరుగు, తర్వాత పేపరు, ఫోను సాయంత్రం దాకా అమ్మ దగ్గరే. ఉద్యోగం వదిలేసి ఖాళీగా తిరుగుతున్నాడని బంధువులు అన్నారు. నేను ఖాళీగా లేనని వాళ్లకి ఇప్పుడైనా తెలిసింది.

రెండోసారి ఇంటర్వ్యూలో అడిగారు, అణ్వాయుధాన్ని మనం ముందుగా వాడబోమన్న విధానం మార్చాలా అని. 2003లో ఖరారైన ఆ మాట మీద, భవిష్యత్తు పరిస్థితుల్ని బట్టి ఉంటుందని 2019లో రక్షణ మంత్రే అన్నారని గుర్తుచేశాను. ఎప్పటికప్పుడు సమీక్షించాలి, ఇప్పటికైతే ఉంచాలి అన్నాను. ఎందుకని అడిగితే అరిహంత్ గురించి చెప్పాను. మా వైజాగ్‌లోనే 2009లో నీళ్లలోకి దించిన అణు సబ్‌మెరైన్ అది. దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగల ఆయుధం సముద్రం అడుగున ఉంటేనే, ముందు కొట్టం అన్న మాటని ఎవరైనా నమ్ముతారు. ఇంటర్వ్యూ చేస్తున్న అధికారి తల ఊపి, మా నాన్న పని గురించి అడిగారు.

ఐదో రోజు చదివిన మూడు నంబర్లలో రెండోది నాది.